పిడికెడు బియ్యము

ధనుర్మాసమున తెల్లవాఱకముందే హరిదాసు వీథిలోనికి వచ్చును. తలపై అక్షయపాత్ర, ఒకచేత తంబుర, మఱియొకచేత చిడతలు. ఇల్లాలు వాకిట ముగ్గువేయుచు వానిని గాంచి లోనికిపోయి పిడికెడు బియ్యము తెచ్చును. అతడు మోకరిల్లును, ఆమె ఆ బియ్యమును పాత్రలో పోయును. అతడు ఇంతకావలెనని యడుగడు. ఆమెయు నీకెందులకని ప్రశ్నింపదు. తెలుగునాట పెక్కుతరములనుండి సాగుచున్న యీ చిన్నవ్యవహారమును మన మెన్నడును దానమని పెద్దపేరుతో పిలువలేదు.

ఆ ధనుర్మాసముననే, డిసెంబరు 24వ తేదీ రాత్రి, ఊరిచివఱ పేటనుండి మఱియొక గుంపు బయలుదేరును. డోలక్కు, తాళములు, చేతిలో దీపములు, వెదురుబద్దలతో కట్టిన కాగితపునక్షత్రము. క్రీస్తు పుట్టెనని ఇంటింటికి పాడుకొనుచుపోవు నాగుంపును మన పాఠకులలో ననేకులు నిద్రలో వినియుందురు. విని, ప్రక్కకు ఒత్తిగిలియుందురు. ఆపేటలో మఱునాడేమి జరుగునో, అచటి యిల్లాండ్రు ఏమి యిత్తురో, ఎవరికిత్తురో తెలిసికొనవలెనన్న కుతూహలము మనకు కలుగుట యరుదు. క్రైస్తవులనగా దొరలయొద్ద పుచ్చుకొనువారేగాని యిచ్చువారు కారన్న యభిప్రాయము మనలో లోతుగా నాటుకొనియున్నది. ఈ యభిప్రాయము సరికాదనుటకు మనయింటిముంగిటనే సాక్ష్యమున్నది.

క్రిస్మసుకథ యెల్లర కెఱుకయే. నిండుచూలాలైన యొక పేదయువతి, వడ్రంగియైన యామె భర్త, జనాభాలెక్కలకై రాజాజ్ఞవలన దూరపుటూరికి పోవలసివచ్చెను. సత్రములో చోటు దొరకకపోయెను. శిశువును పశువులతొట్టిలో పరుండబెట్టిరి. పిదప తూర్పుదేశపు జ్ఞానులు నక్షత్రముజాడ పట్టుకొనివచ్చి బంగారమును, సాంబ్రాణిని, బోళమును కానుకగా నిచ్చిరి. దైవము తన్ను తానే మానవులకు కానుకగా నిచ్చుకొనెనని క్రైస్తవులు నమ్ముదురు. అందుచేత ఆ పండుగనాడు పుచ్చుకొన్నవాడు మఱియొకనికి ఇయ్యకుండుట ఋణము తీర్పకుండుటయే యని వారిమతమందలి పెద్దలు చెప్పుచు వచ్చిరి. మనకును దేవఋణము, ఋషిఋణము, పితృఋణము అను మాటలు క్రొత్తవి కావు గనుక ఈ భావము మనకు సుగ్రాహ్యమే. పట్టణములలో క్రిస్మసు కొంతకాలముగా మిఠాయిదుకాణములకును బట్టలకొట్లకును పండుగయైనదన్నమాట నిజము. మన దీపావళి మాత్రమట్లు కాలేదా? దానినటుంచి, ఆ ఋణమును తీర్చుటయందు ఒక తెలుగుపల్లెసీమ యేమిచేసెనో చూతము.

నేటి మహబూబాబాదుజిల్లాలో చేరియున్న డోర్నకల్, నాడు నిజాముప్రభువు రాజ్యములో అడవినంటియున్న చిన్నయూరు. బెజవాడకుపోవు రైలుమార్గముపై నుండుటయే దాని ప్రసిద్ధి. 1909వ సంవత్సరమున అచటికి వేదనాయగము శామ్యూల్ అజరయ్య యను తమిళుడు వచ్చెను. 1874వ సంవత్సరమున తిరునెల్వేలిసీమలోని వెళ్లాళన్‌విళై యను పల్లెలో గ్రామగురువుకుమారుడుగా జన్మించినవాడు. ఆయనను పంపినది లండనుసంఘముగాని అమెరికాసంఘముగాని కాదు. తిరునెల్వేలి క్రైస్తవులు 1903లో తమ చందాలతో స్థాపించుకొన్న సంఘము పంపినది. తమిళులసొమ్ముతో తెలుగువారికి సేవచేయ వచ్చినవాడన్నమాట! ముప్పదియైదేండ్లు దాటి తెలుగు నేర్చుకొని, ఆభాషలోనే బోధించి, 1945 జనవరి 1వ తేదీన ఆ డోర్నకల్‌లోనే కన్నుమూసెను. 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలో ఆయనకు బిషప్ పట్టాభిషేకము జరిగినది. ఆంగ్లికన్ మతశాఖలో ఆ పదవినందిన మొదటి భారతీయుడాయనయే. ఒక నల్లవాడు తెల్లవారిపై గురుపీఠ మధిష్ఠించునా యని నాడు సందేహించినవారు లేకపోలేదు.

అజరయ్యగారి మండలములోని క్రైస్తవులలో ననేకులు మాల మాదిగ కుటుంబములవారు. రోజుకూలిపై బ్రతుకువారు. అప్పులలో పుట్టి అప్పులలో పోవువారు. ఇట్టివారికి ఎవరైనను బోధింపదలచినచో ఓర్పునో, పరలోకసుఖమునో బోధింతురు. ఈయన వారికి దానమును బోధించెను! మీరు పేదలు గనుక మీకు మినహాయింపు కలదని యనలేదు. అన్నము వండుకొనునప్పుడెల్ల ఎసటిలో పోయుటకుముందు ఒక పిడికెడు బియ్యమో జొన్నలో తీసి వేఱుకుండలో వేయుడని యిల్లాండ్రకు నేర్పెను. ఆ కుండలోనిది దేవునిది. ఆదివారమునాడు దానిని ఆలయమునకు తెచ్చి కుప్పపోయవలెను. నాణెములే చేతికి చిక్కని యింట కానుక యేదియని యడుగువారి కిదియే సమాధానము. ఈ పద్ధతిని ఆయన యొక్కడే కనిపెట్టెనని మేమనము. పిడికెడుబియ్యము తీయుట దేశమున పలుచోట్ల, పలుమతములవారిలో నున్నదే. దానిని ఒక మండలమంతటికి నియమముగా జేసి, యిచ్చుటను ఆరాధనలో భాగముగా నిలిపినవారిలో ఆయన ముఖ్యుడు. ఈ విషయమై ఆయన యొక గ్రంథమును గూడ వ్రాసియుండెను.

పిడికెడనగానెంత? పాఠకులు నవ్వవచ్చును. లెక్క వేయుదము. పిడికిట ఇంచుమించు 40 గ్రాములు పట్టుననుకొన్నచో రెండుపూటలకు 80 గ్రాములు. సంవత్సరమునకు ఒక్కయింటనుండి 29 కిలోలు. నూఱిండ్లున్న పేటనుండి 29 క్వింటాళ్లు. ఒక పల్లెటూరి ఉపాధ్యాయుని కుటుంబమునకు తిండిగింజలు సమకూర్చి, మిగిలినదానితో పాఠశాలకప్పు నేయించుట కిది చాలును. రెండుపూటలు వండుకొను భాగ్యము లేనియింట ఒకపూటదే లెక్కింపుడు. అయినను పదునాలుగు క్వింటాళ్లకు తక్కువకాదు. ఈ గింజలు జమీందారుదివాణమునుండి గాని కలెక్టరుకచేరినుండి గాని వచ్చినవి కావు. ఎవరికి మనము కళ్లములో మేర కొలిచి పోయుదుమో, వారి కుండలలోనుండి వచ్చినవి.

అంతకంటె విలువైనది మఱియొకటి కలదు. తరతరములుగా చేయిచాపుటయే నేర్చినచేయి, ఇచ్చుటకై తిరుగబడినప్పుడు ఆ మనుష్యునిలో కలుగు మార్పును తూనికరాళ్లు తూపలేవు. ఇచ్చువాడు తలయెత్తి నిలుచును. తలయెత్తి నిలిచినవాడు బిడ్డను బడికి పంపవలెననును, కల్లుదుకాణమున తగులబెట్టు డబ్బును లెక్కపెట్టుకొనును, అప్పుపత్రములో ఏమివ్రాసినదో చదివిచెప్పుమని కుమారునడుగును. మురికి, రోగము, అప్పు, త్రాగుడు అను నాలుగింటిపై అజరయ్యగారు చేసిన పోరాటము ఈ పిడికెడుబియ్యముతో ముడివడియున్నది. ఆసాములకు ఈ మార్పు సర్వత్ర ప్రీతిపాత్రము కాలేదనియు, పేటవాండ్రకు పొగరెక్కినదన్నమాట రచ్చబండలపై వినబడెననియు ఒప్పుకొనక తప్పదు.

ఇక దేశీయతనుగూర్చి. 1905వ సంవత్సరము మనకు వంగవిభజనమువలనను, స్వదేశీవ్రతమువలనను, వందేమాతరధ్వనివలనను గుర్తున్నది. అక్టోబరు 16న వంగదేశమును చీల్చిరి. ఆ డిసెంబరుమాసమున, కాంగ్రెసుమహాసభ కాశీలో సమావేశమగుటకు రెండుదినములముందు, క్రిస్మసునాడు, కలకత్తాకు చేరువనున్న శ్రీరాంపురములో భారతీయ క్రైస్తవులు కొందఱు కూడిరి. విలియం కేరీ పనిచేసిన స్థలమది. 1814లో తెలుగువ్యాకరణ మొకటి ఆయనపేర వెలువడినది. దేశములోని నానాప్రాంతములనుండి వచ్చినవారు అచట జాతీయ మిషనరీసంఘమును స్థాపించిరి. అజరయ్యగారు అందు ప్రముఖులు. సేవకు పోవు మనుష్యులు భారతీయులే కావలెను, ధనము భారతీయులదే కావలెను, పెత్తనము భారతీయులదే కావలెనని వారి నియమము. విదేశవస్త్రమును కాల్చుచుండిన యా మాసముననే విదేశధనమును వలదనుకొన్న క్రైస్తవులుండిరని మన చరిత్రపుస్తకములు తఱచుగా చెప్పవు. క్రీస్తు పుట్టినదినమున తాము కృతజ్ఞతగా నేమియిత్తుమని ప్రశ్నించుకొని వారు కనుగొన్న సమాధానము స్వావలంబనము.

నియమమొకటి, నిర్వాహమొకటి. డోర్నకల్ మండలము విదేశసహాయమును పూర్తిగా వదలుకొనలేకపోయినది. ఆసుపత్రులకు, పెద్దపాఠశాలలకు సీమనుండి సొమ్ము వచ్చుచునే యుండెను. దీనిని దాచుట న్యాయముకాదు. కాని పల్లెలోని గురువుకూడు పల్లెవారే పెట్టవలెనన్న పట్టుదల సడలలేదు.

ఇచ్చుటయందుగూడ ఒక దోషముండవచ్చునని అజరయ్యగారే 1910లో ఎడింబరోనగరమున, ప్రపంచపు మిషనరీలెల్లరు కూడిన సభలో చెప్పిరి. విదేశమిషనరీలు మాకు సొమ్మిచ్చిరి, ప్రాణములనుగూడ నర్పించిరి. మాతో పంక్తిని కూర్చుండి భుజించు స్నేహమును మాత్రమీయరైరి, ఆ స్నేహమునే మేము కోరుచున్నామని వారి ప్రసంగసారము. ముప్పదియైదేండ్ల నల్లయువకుడు అట్టి సభలో అట్టిమాట యాడుటకు గుండెదిటవు కావలెను. సభలో కొందఱు నొచ్చుకొనిరి. ఆ మాట దొరలకే కాదు, మనకును తగులును. పండుగనాడు పాలేరుకు క్రొత్తపంచ యిచ్చి, వానిని గడపకీవలనే నిలిపినవారు మనలో లేరా?

ఇచట జాతీయవాదులైన పాఠకులు ఒక ప్రశ్న వేయుదురు. సేవయంతయు మతములో కలుపుకొనుటకు వేసిన యెర కాదా? గాంధీమహాత్ముడు హరిజనపత్రికలో ఈ ప్రశ్ననే పలుమాఱులు వేసిరి. ఫలాపేక్షలేనిసేవయే సేవయనియు, మతము మార్చుకొమ్మను సంకల్పము దానివెనుక నుండరాదనియు వారివాదము. అజరయ్యగారు దీనినంగీకరింపలేదు, తాను పొందినదానిని దాచుకొనుట తనకు సాధ్యముకాదనిరి. ఇరువురును దేశభక్తులే. క్రైస్తవులకు ప్రత్యేకనియోజకవర్గములు వలదని అజరయ్యగారు బహిరంగముగా వాదించిరనుట మఱువరాదు. ఈ వివాదము నేటికిని తీరలేదు, మేమిచట తీర్పగలవారమును కాము. కాని యెరయన్నమాటను పరీక్షించుటకు ఒంగోలుసీమలో జరిగినకథ యొకటి చెప్పవలసియున్నది.

1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమును కాల్చిన ధాతకరవు ముదుసళ్ల నోట చాలకాలము మెదలినది. ఆకాలమున ఒంగోలులో జాన్ ఎవరెట్ క్లౌ అను అమెరికాబాప్టిస్టు మిషనరీ యుండెను. తనదేశమున భూములను సర్వేచేసిన యనుభవము గలవాడు. మదరాసునుండి కోస్తావెంబడి త్రవ్వించుచుండిన బకింగుహాంకాలువలో మూడున్నరమైళ్ల భాగమును ఆయన కంట్రాక్టుగా తీసికొనెను. ఆకలితో వచ్చినవారికి గంజిపోసి కూర్చుండబెట్టలేదు, పాఱ చేతికిచ్చి కూలియిచ్చెను. తనయొద్ద బోధకులుగానుండినవారిని మేస్త్రీలుగా నిలిపెను. కూలి సరిగా ముట్టునని తెలిసి జనులు దూరముననుండి వచ్చిరి. బాప్తిస్మమిమ్మని వేలకొలది యడిగిరి. ఆయన కరవు తీఱువఱకు ఇయ్యననెను! అన్నముకొఱకు వచ్చినవారెవరో విశ్వాసముకొఱకు వచ్చినవారెవరో ఆకలిరోజులలో తేలదని ఆయన భయము. పదునైదుమాసములు అట్లే గడచెను. కాలువపని ముగిసి, సాయము నిలిచినపిదప, 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మయొడ్డున వెల్లంపల్లివద్ద ఒక్కదినముననే 2,222 మందికి బాప్తిస్మము జరిగినది.

దీనిని రెండువిధములుగా చదువవచ్చును. ఎర కానేకాదు, తిండి నిలిచినపిదపకదా వచ్చిరని ఒకరందురు. తిండిపెట్టిన చేతిని మఱువలేక వచ్చిరని మఱియొకరందురు. మాకు రెండవమాటలోను తప్పు తోచదు. కష్టకాలమున తమను మనుష్యులుగా జూచినవానియెడ విశ్వాసము కలుగుట లోకసహజము. ఆ కరవులో ఆ బీదలకు మనకొట్టములలోని గాదెలెన్ని తెఱవబడెనో యని మనమే ప్రశ్నించుకొనవలెను. తెఱచినపుణ్యాత్ములు కొందఱుండిరి. తెఱవనివారివలన కలిగిన ఫలమునకు మిషనరీని దూఱుట ధర్మముగాదు.

మతము మార్చుకొనకయే కృతజ్ఞత చూపినవారును కలరు. గుంటూరులో ఆనా కుగ్లర్ అను అమెరికా వైద్యురాలు 1883వ సంవత్సరమున దిగెను. ఆమె సంఘమువారు ఆమెను వైద్యముకొఱకు గాక ఘోషాస్త్రీలకు చదువు చెప్పుటకే పంపిరి. పురుషవైద్యునికి నాడి చూపనొల్లక ప్రసవవేదనతో మరణించు స్త్రీలను గాంచి ఆమె ఊరకుండలేకపోయెను. మందులపెట్టె తెఱచెను. 1898లో స్త్రీలకు ఆసుపత్రి వెలసెను. 1930లో ఆ గుంటూరులోనే ఆమె మృతినొందినది. నేటికిని ఆ ఆసుపత్రిని కుగ్లర్‌పేరుతోనే జనులు పిలుతురు. బ్రాహ్మణ స్త్రీలు మొదలు పంచమస్త్రీలవఱకు అందఱును ఆ గడప త్రొక్కిరి. తమ కుటుంబమునకు జరిగిన చికిత్సకు కృతజ్ఞులై ఏలూరు జమీందారుగారు ఆసుపత్రిచెంత రోగుల బంధువులకు సత్రము కట్టించిరి. ఆయన హిందువులుగనే యుండిరి, ఆమె క్రైస్తవురాలుగనే యుండెను. సత్రములో చోటులేక పశువులతొట్టిలో పుట్టిన శిశువునుగూర్చి యామె విశ్వసించినకథకు, సత్రము కట్టించుటకంటె తగిన ప్రత్యుపకారము ఏ పండితుడైనను ఊహింపగలడా? జమీందారుగారు ఆ పోలికను తలచిరో లేదో! సత్రము కట్టించుట మన పెద్దలవాడుక గనుక కట్టించియుందురు.

ఇంతవఱకు వ్రాసినది చదివి క్రైస్తవసోదరులు సంతోషించినచో, వారికిని ఒకమాట కలదు. మాల మాదిగల నడుమనుండిన అంతరము ఆలయముగడపయొద్ద నిలిచిపోలేదు, లోనికిగూడ వచ్చినది. ఒకేపాత్రలో రొట్టెద్రాక్షారసములు పుచ్చుకొనుటకు వెనుదీసినవారిని ఒప్పించుటలో అజరయ్యగారికి వెండ్రుకలు నెఱసినవి. చదువుకొని పట్టణములచేరి ఉద్యోగములు పొందినవారు, తమను చదివించిన పల్లెపిడికెళ్లను మఱచుట యెఱుగనిది కాదు. క్రిస్మసునాడు మేడపై విద్యుద్దీపనక్షత్రమును వ్రేలాడదీసి, తనతాత పుట్టినపేటలో పాఠశాలకప్పు కారుచున్నదని వినియు ఊరకుండువాడు, ఆ నక్షత్రము దేనిజాడ చూపినదో తలచుకొనుట మంచిది.

మన భూస్వాములకు చెప్పవలసినది మఱియొకటి. డిసెంబరు చివఱివారము కోస్తాజిల్లాలలో వరికోతలు, కుప్పనూర్పులు ముమ్మరముగా నుండుకాలము. మబ్బుపట్టినచో గుండె యదరును. ఆ సమయమున కూలివాడు వచ్చి, అయ్యా, రేపు పండుగ, రాలేనన్నచో కోపము వచ్చుట మాకు తెలియని సంగతికాదు. కాని సంక్రాంతినాడు మనము నాగలి పట్టుదుమా? ముందుగానే లెక్కజూచుకొని, 25వ తేదీకి పని నిలుపుకొని, ముందటిదినమే కూలిబాకీ యంతయు చేతిలో పెట్టినచో, కోడిని కొనుటకు వానికి అప్పుచేయవలసినపని యుండదు. పాతచీర దానముచేయుటకంటె బాకీకూలి నాటికినాడు ముట్టజెప్పుట పెద్దకానుక. క్రైస్తవుడైన ఆసామియు క్రైస్తవుడుకాని ఆసామియు దీనిలో సమానులే. ఇద్దఱికిని ఎగవేతలు తెలియును.

డోర్నకల్‌లో అజరయ్యగారు కట్టించిన పెద్దగుడికి ఎపిఫనీదేవాలయమని పేరు. తూర్పుదేశపు జ్ఞానులు కానుకలు తెచ్చినదినమునకే ఎపిఫనీపండుగయని పేరు. క్రిస్మసు కది పండ్రెండవదినము. ఆ గుడి పాతికేండ్లు కట్టినను తెమలక, 1939 జనవరి 6వ తేదీన, ఆ పండుగనాడే ప్రతిష్ఠింపబడినది. దానిని చూచినవారు ఇది గుడియో మసీదో చర్చియో యని తెల్లబోవుదురు. మసీదును తలపించు మినారులు, దేవాలయమండపమును తలపించు స్తంభములు, తామరపూవుల చెక్కడములు, వానిపై సిలువ. తూర్పుదేశపువారు తమదేశపు కానుకలనే తేవలెనుగాని పశ్చిమదేశమునుండి తెచ్చికొననక్కఱలేదని ఆ కట్టడమే చెప్పుచున్నది. డబ్బు చాలక పని పలుమాఱులు నిలిచెను. 1940 ప్రాంతమునకు మండలములో క్రైస్తవుల సంఖ్య రెండులక్షలు దాటియుండెను. వారిలో కూలివారే హెచ్చు.

పంటలు ఇంటికివచ్చినపిదప ఈ సంఘములలో కోతపండుగ జరుగును. వడ్లబస్తా తెచ్చువారు బస్తా తెత్తురు. మేకపిల్లను, కోడిపుంజును తోలుకొనివచ్చువారు కొందఱు. ఏమియులేని ముసలమ్మ తన పాకమీద పాకిన సొఱపాదునుండి కాయ యొకటి కోసి కొంగున పొదివిపట్టి తెచ్చును. ఆరాధన ముగిసినపిదప ఆవరణములో వేలముపాట మొదలగును. అంగడిలో పదిరూపాయలుచేయు సొఱకాయ నూఱురూపాయలకు పోవును. పాడుకొన్నవాడు దానిని ఇంటికి తీసికొనిపోక మరల బల్లపైనే పెట్టును. మరల పాట. చీకటిపడువఱకు ఆకాయ చేతులు మాఱుచునే యుండును, ముసలమ్మ గోడకానుకొని కూర్చుండి తన కాయ యెంతకు పోయినదని ప్రక్కవారి నడుగుచునే యుండును.